నల్లబల్ల మసకగా కనబడే పిల్లలు

పిల్లలలో హ్రస్వదృష్టి చాపకింద నీరులా వ్యాపిస్తున్నది. దానిని సకాలంలో గుర్తించడం, అదుపులో ఉంచడం చాలవరకు పెద్దల చేతిలోనే ఉన్నది.

చూపు తగ్గిన పెద్దలు ఆ సంగతిని తామే గ్రహిస్తారు. నిన్నమొన్నటి వరకు దూరం నుంచే చదవగలిగిన బస్సు బోర్డు ఇప్పుడు దగ్గరకు వచ్చేదాకా ఆనకపోతే, కంటికి ఏదో లోపం వచ్చిందని వారికి తెలిసిపోతుంది. పిల్లల సంగతి అలా కాదు. చూపు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ పోవడం వలన పసివాడికి ఆ మార్పు తెలియదు. లోకం తనకు కనబడినట్లే అందరికీ కనబడుతుందని అతని నమ్మకం. దూరాన ఉన్న చింతచెట్టు కొమ్మలు విడివిడిగా కనబడతాయనీ, వెనుక బల్లమీద కూర్చున్నా నల్లబల్ల మీది అక్షరాలు చదవవచ్చుననీ అతనికి ఎవరూ చెప్పలేదు. అందువల్ల అతడు ఫిర్యాదు చేయడు.

చేయకపోయినా నింద తప్పదు. లెక్కలోని అంకెను తప్పుగా ఎక్కించుకుంటే అజాగ్రత్త అంటారు. పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తే కాపీ కొడుతున్నాడంటారు. బంతి మీదికి వచ్చేదాకా చూసుకోలేకపోతే తోటివారు ఆటలో చేర్చుకోరు. వీధికి ఆవలి వైపున వెళ్ళే మేనమామను పలకరించకపోతే పొగరు అంటారు. మందమతులని పేరుపడిన పిల్లలలో కొందరికి కావలసినది ఒక జత కళ్ళద్దాలు మాత్రమే.

దగ్గరి వస్తువులు చక్కగా కనబడుతూ, దూరపు వస్తువులు మసకబారే ఈ లోపానికి హ్రస్వదృష్టి అని పేరు. వాడుకలో దీనినే 'సైటు' అంటారు. ఇది మన దేశంలో ఎంత వ్యాపించి ఉన్నదో కొన్ని పరిశీలనలు తెలుపుతున్నాయి. 2002లో ప్రచురితమైన సర్వేల ప్రకారం, మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలలో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలలో సుమారు 4 శాతం మందికి, ఢిల్లీ నగరంలో 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలలో 7 శాతం పైచిలుకు మందికి హ్రస్వదృష్టి ఉన్నది. 2015లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఢిల్లీ పాఠశాలలకు చెందిన దాదాపు 10 వేల మంది పిల్లలను పరీక్షించగా, 13 శాతం మందికి ఈ లోపం బయటపడింది. అంతకంటె ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. లోపం ఉన్నవారిలో తగిన అద్దాలు పెట్టుకున్నవారు నాలుగోవంతు మంది మాత్రమే. మిగిలిన ముప్పాతిక మంది మసక లోకంలోనే చదువుకుంటున్నారు.

కంటిలో జరిగేదేమిటి?

వస్తువునుంచి వచ్చే కాంతికిరణాలను కంటి ముందుభాగంలోని శుక్లపటలం, దాని వెనుకనున్న కటకం కలిసి వంచి, కనుగుడ్డు వెనుక గోడమీద ఉన్న నేత్రపటలంపై కేంద్రీకరిస్తాయి. అక్కడ స్పష్టమైన ప్రతిబింబం పడితేనే చూపు స్పష్టంగా ఉంటుంది. హ్రస్వదృష్టి ఉన్న కంటిలో దూరపు వస్తువు ప్రతిబింబం నేత్రపటలాన్ని చేరకముందే ఏర్పడుతుంది. ఈ రహస్యాన్ని 1604లో వివరించినవాడు గ్రహగతి సూత్రాలను కనుగొన్న జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహానెస్ కెప్లర్. మధ్యభాగం పలుచగా, అంచులు మందంగా ఉండే పుటాకార కటకం కిరణాలను కొంత విడదీసి, ప్రతిబింబాన్ని వెనక్కు జరుపుతుందని ఆయన చూపాడు. ఈనాటికీ కళ్ళద్దాలు పనిచేసేది ఆ సూత్రం మీదనే.

పిల్లలలో ఈ లోపానికి కారణం సాధారణంగా కనుగుడ్డు ఉండవలసిన దానికంటె పొడవుగా పెరగడం. పుట్టినప్పుడు శిశువు కనుగుడ్డు ముందునుంచి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దవాడయ్యేసరికి అది 24 మిల్లీమీటర్లకు చేరుకుంటుంది. ఈ పెరుగుదల ఒక మిల్లీమీటరు మేరకు హద్దు దాటితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టి ఏర్పడుతుంది. డయాప్టర్ అనేది అద్దాల శక్తికి కొలమానం. మైనస్ 1 ఉన్న బిడ్డకు అద్దాలు లేకుండా మీటరు దూరం వరకే స్పష్టంగా కనబడుతుంది. మైనస్ 2 అయితే అర మీటరు, మైనస్ 4 అయితే పావు మీటరు. అంతకు ఆవల ఉన్నదంతా మసకే.

ఎదిగే వయస్సులో శరీరంతోపాటు కనుగుడ్డు కూడా పెరుగుతూనే ఉంటుంది. అందుచేత ఏడెనిమిదేళ్ళ వయస్సులోనే సైటు వచ్చిన బిడ్డకు, పదిహేనేళ్ళకు వచ్చినవారి కంటె ఎక్కువ పవరు వచ్చే అవకాశం ఉన్నది. ఒకసారి సాగిన కనుగుడ్డు తిరిగి పొట్టి కాదు. సకాలంలో గుర్తించాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

గుర్తించే సూచనలు

కనురెప్పలు సగం మూసి, నొసలు ముడిచి దూరపు వస్తువులను చూడడం ముఖ్యమైన సూచన. రెప్పలు దగ్గర చేస్తే ఆ సన్నని సందులోంచి చూపు తాత్కాలికంగా కొంత స్పష్టమవుతుంది. ఈ ఉపాయాన్ని పిల్లలు తమంత తామే కనుక్కుంటారు. టెలివిజన్‌కు మరీ దగ్గరగా జరిగి కూర్చోవడం, పుస్తకాన్ని ముక్కుకు ఆనించినట్లు పట్టుకోవడం, తల ఒక పక్కకు వంచి చూడడం, తరచు కళ్ళు నులుముకోవడం, సాయంత్రానికి తలనొప్పి అనడం, తరగతిలో ముందు బల్లకోసం తగవుపడడం, నల్లబల్ల మీద రాసినది వదిలి చెప్పినది మాత్రమే రాసుకోవడం, ఇవన్నీ గమనించదగినవి. ఇవి కనబడగానే హ్రస్వదృష్టి అని తీర్మానించనక్కరలేదు గాని, పరీక్ష చేయించడానికి మాత్రం ఇవి చాలు.

ఇంట్లోనే ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. మంచి వెలుతురులో గోడకు క్యాలెండరు తగిలించి, ఆరు మీటర్లు, అంటే దాదాపు 20 అడుగుల దూరంలో బిడ్డను నిలబెట్టాలి. ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూసి, రెండవ కంటితో అంకెలు చదివించాలి. తరువాత రెండవ కన్ను మూయాలి. చూపు బాగున్న అన్నో అక్కో అక్కడినుంచి చదివినవి ఈ బిడ్డ చదవలేకపోతే వైద్యుని సంప్రదించాలి. ఒక్కొక్క కన్ను విడిగా పరీక్షించడం అత్యవసరం. ఒక కన్ను బాగుండి, రెండవది బలహీనమైతే, బాగున్న కన్నే పనంతా చేస్తుంది. లోపం ఏళ్ళ తరబడి బయటపడదు. ఈలోగా బలహీనమైన కంటినుంచి వచ్చే ప్రతిబింబాన్ని మెదడు పట్టించుకోవడం మానివేస్తే, తరువాత అద్దాలు పెట్టినా ఆ కంటికి పూర్తి చూపు రాకపోవచ్చు.

వైద్యశాలలో వాడే అక్షరాల పట్టికను 1862లో నెదర్లాండ్స్‌కు చెందిన నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించాడు. 6/6 అంటే ఆరు మీటర్ల నుంచి చదవవలసిన వరుసను చదవగలిగారని అర్థం. 6/18 అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని ఈ కన్ను ఆరు మీటర్లకు వస్తే గాని చదవలేదని అర్థం. అక్షరాలు రాని పిల్లలకు బొమ్మల పట్టికలు, ఏ వైపునకు తిరిగి ఉన్నదో వేలితో చూపే గుర్తుల పట్టికలు ఉన్నాయి. కాబట్టి చదువు రాకముందే, అనగా మూడు నాలుగేళ్ళ వయస్సులో ఒకసారి, బడిలో చేర్చేటప్పుడు మరొకసారి, ఆపైన ఏడాదికొకసారి పరీక్ష చేయించడం మంచిది. తల్లిదండ్రులలో ఒకరికైనా సైటు ఉంటే, ముఖ్యంగా ఇద్దరికీ ఉంటే, ఈ నియమం తప్పరాదు.

పరీక్షకు ముందు వైద్యులు పిల్లల కళ్ళలో చుక్కల మందు వేస్తారు. కొన్ని గంటలపాటు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు, వెలుగు చూడలేకపోవడం, దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం వలన కొందరు తల్లులు కంగారుపడతారు. పిల్లల కంటి కండరాలు చాలా చురుకైనవి. పరీక్ష సమయంలో అవి బిగుసుకుంటే లేని పవరు ఉన్నట్లు, ఉన్నది మరికొంత ఎక్కువైనట్లు కనబడవచ్చు. మందుచుక్కలు ఆ కండరాలకు విశ్రాంతినిస్తాయి. అందువల్ల చుక్కలు వేయకుండా తొందరగా ముగించే పరీక్షకంటె, వేసి చేసే పరీక్షే నమ్మదగినది.

ఖర్చుకు వెరచి పరీక్ష మానవలసిన పనిలేదు. 1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడిపిల్లలకు కంటి పరీక్షలు, పేదపిల్లలకు ఉచితంగా అద్దాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా పిల్లల చూపు లోపాలను పరిశీలిస్తుంది. తెలంగాణలో 2018లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను 'కంటి వెలుగు' పేరిట కంటి పరీక్షలు నిర్వహించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కార్యక్రమం బడిపిల్లలతోనే ఆరంభమైనది.

అద్దాలంటే భయమెందుకు?

పరీక్ష పూర్తయి చీటీ చేతికి వచ్చిన తరువాత అసలు సంశయాలు మొదలవుతాయి. అద్దాలు అలవాటు చేస్తే పవరు ఏటేటా పెరుగుతుందని పెద్దలు వాదిస్తారు. పెరిగే మాట నిజమే. పెంచేది మాత్రం అద్దాలు కావు. బిడ్డ ఎదుగుతున్నకొద్దీ కనుగుడ్డు సాగుతుంది, దానిని అనుసరించి అద్దాల నంబరు మారుతుంది. చెప్పులు కొనడం వలన పాదం పెరిగిందని ఎవరూ అనరు గదా!

కావాలని కొంత తక్కువ పవరు అద్దాలు ఇప్పిస్తే కన్ను తనంత తానే సర్దుకుంటుందనే అభిప్రాయం ఒకప్పుడు కొందరు వైద్యులలో సైతం ఉండేది. మలేషియాలో పిల్లల మీద రెండేళ్ళపాటు జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడినాయి. తక్కువ పవరు అద్దాలు పెట్టుకున్న పిల్లలలో హ్రస్వదృష్టి నెమ్మదించకపోగా, పూర్తి పవరు వాడినవారి కంటె కొంత ఎక్కువగానే పెరిగింది. కనుక వైద్యుడు రాసిన పవరు రాసినట్లే వాడాలి. ఆరునెలలకొకసారి తిరిగి పరీక్ష చేయించాలి.

ఆడపిల్లల విషయంలో సంకోచం మరీ ఎక్కువ. కళ్ళద్దాలు పెడితే రేపు పెళ్ళి సంబంధాలు రావని, పెట్టుకోకుండా నెట్టుకురమ్మని కొన్ని ఇళ్ళలో చెబుతారు. ఆ అమ్మాయి వెనుకబడిన పాఠాలకు, దాటలేక భయపడిన రోడ్లకు లెక్క కట్టేవారు లేరు. బడిలో 'నాలుగు కళ్ళు', 'సోడాబుడ్డి' అంటూ సాగే వేళాకోళం వల్ల కూడా ఎందరో పిల్లలు అద్దాలను సంచిలో దాచివేస్తారు. ఉపాధ్యాయుడు ఆ ఎగతాళిని మొదటిరోజునే ఖండిస్తే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం ఇంట్లో తీరాలి. ఫ్రేమును బిడ్డ తానే ఎంచుకోవాలి. అది ముక్కుమీదినుంచి జారకుండా, చెవులను ఒరుసుకోకుండా ఉండాలి. పిల్లలకు గాజు అద్దాలకంటె సులభంగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు క్షేమకరం.

పగటి వెలుగు మహిమ

హ్రస్వదృష్టి కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా కనబడుతుంది. అయితే ఒకటి రెండు తరాలలోనే అది ఇంతగా విస్తరించడానికి వంశ లక్షణాలు మాత్రమే కారణం కాజాలవు. పెరిగే కన్ను తాను చూసే దృశ్యాన్నిబట్టి తన పొడవును దిద్దుకుంటుందని తొలుత సూచించినవి జంతువుల మీద జరిగిన ప్రయోగాలు. 1977లో అమెరికాలో టోర్‌స్టెన్ వీసెల్, ఎలియో రవియోలా అనే శాస్త్రజ్ఞులు, రెప్పలు మూసి పెంచిన కోతిపిల్లల కనుగుడ్లు సాగి హ్రస్వదృష్టి రావడాన్ని ప్రకటించారు. అంటే కంటి పెరుగుదలమీద పరిసరాల ప్రభావం ఉన్నదన్నమాట.

ఆ పరిసరాలలో ముఖ్యమైనది ఏదో 2008లో ప్రచురితమైన ఒక పోలిక తేటతెల్లం చేసింది. సింగపూరులోను, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను నివసించే చైనా సంతతికి చెందిన ఆరేడేళ్ళ పిల్లలను పరీక్షించారు. సింగపూరు పిల్లలలో 29 శాతం మందికి హ్రస్వదృష్టి ఉండగా, సిడ్నీ పిల్లలలో 3 శాతం పైచిలుకు మందికే ఉన్నది. సంతతి ఒకటే. పుస్తకాలు చదవడంలో సిడ్నీ పిల్లలు వెనుకబడినవారేమీ కారు. పెద్ద తేడా ఒకచోట కనబడింది: సిడ్నీ పిల్లలు వారానికి సుమారు 14 గంటలు ఆరుబయట గడుపుతుండగా, సింగపూరు పిల్లలు గడిపేది మూడు గంటలు.

దీనిని పరీక్షించడానికి చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 పాఠశాలలను ఎన్నుకున్నారు. కొన్ని బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట కార్యక్రమం ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తరువాత, 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మామూలు బడులలో దాదాపు 40 శాతం మంది పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి రాగా, ఈ బడులలో 30 శాతం మందికి వచ్చింది. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచి బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట గడిపేటట్లు ప్రోత్సహించగా, ఏటేటా దిగజారుతూ వచ్చిన పిల్లల చూపు కొద్ది సంవత్సరాలలోనే మెరుగుపడసాగింది. దీనికి విరుద్ధమైన అనుభవం 2020లో ఎదురైంది. కోవిడ్ కారణంగా పిల్లలు నెలల తరబడి ఇళ్ళలో ఉండిపోయిన ఆ ఏడాది, చైనాలోని ఫైచెంగ్ నగరంలో ఆరేళ్ళ పిల్లలను పరీక్షించగా, 21 శాతం పైచిలుకు మందికి హ్రస్వదృష్టి కనబడింది. అంతకుముందు అయిదేళ్ళలో ఆ వయస్సు పిల్లలలో అది 6 శాతం దాటలేదు.

ఆరుబయట ఉన్న విశేషం వెలుతురే. ట్యూబులైటు గదిలో వెలుతురు కొన్ని వందల లక్సులు మాత్రమే ఉంటుంది. బయట వేపచెట్టు నీడన సైతం అది వేల లక్సులలో ఉంటుంది. ఎండలో లక్షను అందుకుంటుంది. ప్రకాశవంతమైన వెలుతురులో నేత్రపటలం విడుదల చేసే డోపమైన్ అనే రసాయనం కనుగుడ్డు మితిమీరి సాగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కనుక మండుటెండలో నిలబెట్టవలసిన పనిలేదు. వేసవిలో ఉదయం, సాయంకాలం, నీడపట్టున ఆడుకున్నా మేలే. సూర్యుని వైపు నేరుగా మాత్రం చూడనివ్వరాదు. బడి మైదానం, నడక, సైకిలు, అన్నీ కలిపి రోజుకు రెండు గంటలు పగటి వెలుతురులో గడిస్తే చాలు. అయితే ఈ రక్షణ ప్రధానంగా హ్రస్వదృష్టి రాకుండా చూడడంలోనే కనబడింది. వచ్చిన తరువాత అద్దాలకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

చదువును మానిపించడం దీనికి మార్గం కాదు. చదివే పద్ధతిని సరిచేయాలి. పుస్తకం కంటికి 30 సెంటీమీటర్లకు తగ్గని దూరంలో ఉండాలి. 20 నిమిషాలకొకసారి తల ఎత్తి కిటికీలోంచి దూరపు వస్తువును చూడాలి. సెల్‌ఫోన్ పుస్తకంకంటె చిన్నది, మరింత దగ్గరగా పట్టుకునేది. పైగా అది పిల్లవాణ్ణి ఇంటిలోనే కట్టిపడవేస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు తెరలు వద్దనీ, అయిదేళ్ళలోపు వారికి రోజుకు గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

వేగాన్ని తగ్గించే మార్గాలు

మామూలు అద్దాలు చూపును సరిచేస్తాయి గాని కనుగుడ్డు సాగడాన్ని ఆపవు. ఆ వేగాన్ని తగ్గించే సాధనాలు ఇటీవలి కాలంలో వచ్చినాయి. హాంకాంగ్‌లో రూపొందించిన ఒక ప్రత్యేక కటకంలో మధ్యభాగం చూపును సరిచేస్తుండగా, చుట్టూ ఉండే వందలాది సూక్ష్మ కటకాలు కనుగుడ్డు పెరుగుదలకు పగ్గం వేస్తాయి. అక్కడి పిల్లలు రెండేళ్ళు వాడగా, మామూలు అద్దాలవారితో పోలిస్తే పవరు పెరుగుదల సుమారు సగానికి తగ్గింది.

రెండవది అట్రోపిన్ చుక్కలు. బెల్లడోనా జాతి మొక్కలనుంచి లభించే ఈ మందును చాలా పలుచని మోతాదులో రాత్రి పడుకునేముందు వేస్తారు. సింగపూరు, హాంకాంగ్ పరిశోధనలలో ఇది ఉపకరించింది; హాంకాంగ్‌లో పరీక్షించిన పలుచని మోతాదులలో 0.05 శాతం ఎక్కువ ఫలితమిచ్చింది. 2023లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో 0.01 శాతం మోతాదువల్ల ప్రయోజనం కనబడలేదు. అందుచేత ఏ బిడ్డకు ఎంత మోతాదు, ఎంతకాలం అనేది నేత్రవైద్యుడే నిర్ణయించాలి. మూడవది కాంటాక్టు లెన్సులు. వాటిలో కొన్ని పగలు, మరికొన్ని రాత్రి నిద్రలో ధరించేవి. శుభ్రతలో ఏమాత్రం లోపం జరిగినా కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకవచ్చు కనుక, వాటికి పెద్దల పర్యవేక్షణ తప్పనిసరి. ఈ మార్గాలలో ఏదీ వచ్చిన సైటును మాయం చేయదు. పెరిగే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది.

పొన్నగంటి కూర తింటే అద్దాలు తీసివేయవచ్చునని అమ్మమ్మలు చెబుతారు. ఆకుకూరలు, క్యారెట్లు, బొప్పాయి పిల్లలకు అవసరమే. వాటివలన లభించే విటమిన్ ఎ రేచీకటిని నివారిస్తుంది. కాని సాగిన కనుగుడ్డును ఏ కూరా పొట్టి చేయలేదు. కంటి వ్యాయామాలతో అద్దాలు వదిలించుకోవచ్చుననే ప్రకటనలను కూడా నమ్మరాదు. లేజర్ శస్త్రచికిత్స పవరు నిలకడపడిన పెద్దవారికే గాని, ఎదిగే పిల్లలకు కాదు.

ఇంత శ్రమ ఎందుకంటే, హ్రస్వదృష్టి అద్దాల నంబరుతో ముగిసే విషయం కాదు. మైనస్ 6 దాటిన కంటిలో నేత్రపటలం సాగి పలుచబడుతుంది. నడివయస్సులో అది చిరగడం, ఊడిపోవడం, నీటికాసుల వ్యాధి, ముందుగా శుక్లాలు రావడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. కంటి ముందు మెరుపులు మెరిసినా, ఉన్నట్టుండి నల్లని చుక్కలు తేలియాడినా, ఒక పక్కనుంచి తెర దిగినట్లు అనిపించినా ఆ రోజే వైద్యశాలకు వెళ్ళాలి. బాల్యంలో ఒక్క డయాప్టర్ పెరగకుండా ఆపగలిగినా, ముసలితనంలో చూపు నిలిచే అవకాశం గణనీయంగా హెచ్చుతుంది.

పిల్లవాడు తనకు ఆనడం లేదని చెప్పేదాకా వేచివుంటే ఆలస్యమవుతుంది. గోడకు ఒక క్యాలెండరు, 20 అడుగుల స్థలం, అరచేతితో మూసిన ఒక కన్ను, ఈ చిన్న పరిశీలనకు అయిదు నిమిషాలు చాలు. ఆదివారం ఉదయం ఆ పని ముగించి, తరువాత పిల్లలను ఆరుబయటకు పంపండి.